ఫైల్లో దూరిన గోపురం

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నా వల్ల మా ఆఫీసుకు ఒకే ఒక్క మెమో వచ్చింది. లంచం తిన్నందుకు కాదు, ఆలస్యంగా వచ్చినందుకు కాదు, ఎవరికో ఎదురు చెప్పినందుకూ కాదు. ఒక గుడి గోపురం వల్ల వచ్చింది.

పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. "మేడం, చరిత్ర గుర్తుంటా ఉండాది, జాగ్రఫీ గుర్తుంటా ఉండాది, ఈ కళలూ సంస్కృతీ మాత్రం పొద్దున చదివితే సాయంత్రానికి ఎగిరిపోతా ఉండాది. ఏం చెయ్యాల?" అని తల పట్టుకుంటారు. నా దగ్గర చిట్కాలేమీ లేవు. ఈ సంగతొకటి ఉంది. విని నవ్వుకుని పొండి.

తొంభైల నడిమి రోజులు. ఆత్మకూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. ఏ శాఖ అని అడక్కండి, ఆ శాఖ ఇప్పటికీ నాకు పెన్షన్ ఇస్తోంది. మాది కొండాపురం దగ్గర పల్లె. నాయన సేద్యం చేసేవాడు, మా చర్చి సంఘంలో డీకన్, అంటే పెద్దమనిషి కూడా. మా తాతల నాటి నుంచి బాప్టిస్టులం. ఆత్మకూరులో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం పొద్దున్నే దుమ్ముకొట్టుకుని ఆఫీసులో దిగేదాన్ని.

నా పక్క సీటులో ఇంకొక జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. ఉదయగిరి అతనిది. గొర్రెలు, మేకలు కాసే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి మా ఆఫీసులో పడ్డాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు, నేను అబ్బయా అనేదాన్ని. ఇద్దరికీ ఒకటే పిచ్చి, గ్రూప్ వన్ కొట్టాలని. ఆ రోజుల్లో ఆత్మకూరులో కోచింగ్ అంటే ఎడ్లబండి తోలడం నేర్పేదనుకునేవాళ్ళు. మాకు మేమే గురువులం, మాకు మేమే శిష్యులం.

అన్ని సబ్జెక్టులూ ఏదో ఒక రకంగా లొంగాయి గాని, భారతీయ కళలు, సంస్కృతి అన్న భాగం మాత్రం ఇద్దర్నీ ఏడిపించింది. నేను జన్మలో గుడి గడప తొక్కింది లేదు. అతను చాలా గుళ్ళలోకి పోయాడు, కాకపోతే లోపల దూరిన మేకల్ని బయటికి తోలడానికి. మేము నెల్లూరు నుంచి తెప్పించుకున్న గైడులో బొమ్మలుండేవి. అచ్చు ఎంత గొప్పదంటే నటరాజు, మహావీరుడు, సాంచీ స్తూపం మూడూ ఒకే బొగ్గుముక్క లాగా కనపడేవి.

గుర్తు పెట్టుకోవడానికి మేము ఒక పద్ధతి కనిపెట్టాం. పుస్తకంలో ఉన్నదంతా ఆఫీసు మీదికి తెచ్చాం. మా అటెండరు ఎప్పుడు చూసినా వాకిలికి ఆనుకుని, మెడ ఒక పక్కకు, నడుము ఇంకో పక్కకు, మోకాలు మరో పక్కకు వంచి నిలబడేవాడు. అతనికి త్రిభంగి అని పేరు పెట్టాం. మా సూపరింటెండెంటు గారు పదిన్నరకు కుర్చీలో కూర్చుంటే అయిదు దాకా కదిలేవాడు కాదు, ఆయన ఏకశిల. నాట్యంలో చేతి ముద్రలు గుర్తుండటం లేదని వాటిని సైగలకు వాడాం. అరచెయ్యి చాచి చూపిస్తే పతాక, అంటే ఏకశిల వస్తా ఉండాడు, పుస్తకం దాచిపెట్టండి. పిడికిలి బిగిస్తే ముష్టి, ఫైలు మీద సంతకం అయింది. బొటనవేలు పైకి లేపితే శిఖరం, టీ కావాలి. త్రిభంగికి కూడా ఇవి నేర్పాం. అతను మాకంటే చక్కగా పట్టేవాడు, వేళ్ళు ఎక్కడా వంకర పోయేవి కావు.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటే, సూపరింటెండెంటు గారికి ఆఫీసులో పరీక్షల చదువు కనపడితే ఒంటికి కారం రాసినట్టుండేది. "జీతం ఇచ్చేది ఈ ఉద్యోగం చెయ్యమని, ఇంకో ఉద్యోగం వెతుక్కోమని కాదు" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. రోజూ పొద్దున గుడికి పోయి, నుదుటన బొట్టు పెట్టుకుని, టయానికి ముందే వచ్చేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. ఫైల్లో మొదటి లైను, చివరి లైను మాత్రమే చదివి, ప్రతి పేజీ మూలా పొడి సంతకం గీకేవాడు. మా ఫ్యాను రెక్క ఒక చుట్టు తిరిగేలోపల ఆయన రెండు పేజీలు తిప్పేవాడు. "మధ్యలో ఉండేదంతా గుమాస్తాల గొడవ" అని ఆయన సిద్ధాంతం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ద్రావిడ శైలి గురించి ఒక కాగితం మీద నోట్సు రాసుకుంటున్నాను. రాసింది ఇప్పటికీ నాకు గుర్తుంది. "గర్భగుడి మీద కట్టే ఎత్తైన కట్టడాన్ని గోపురం అంటారు. దాని మీద కలశాలు బేసి సంఖ్యలో ఉండవలెను. చుట్టూ ప్రదక్షిణ మార్గం ఉండవలెను." అప్పుడే మా ఇద్దరికీ శిఖరం మీదికి మనసు పోయింది. త్రిభంగి టీ తేవడానికి పోయాడు. పతాక పట్టేవాడు లేడు. ఏకశిల ఆ రోజు ఎందుకో అయిదు కాకముందే కదిలి నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చేశాడు.

చేతిలోని కాగితాన్ని నేను ఎదురుగా తెరిచి ఉన్న ఫైల్లోకి తోశాను. అది ఉదయగిరిలో ఉన్న మా బ్రాంచి ఆఫీసు పైకప్పు రిపేరు ఫైలు. ఆయన ఏదో అడిగాడు, నేను ఏదో చెప్పాను, అంతలో టీలు వచ్చాయి. ఆ ఫైలు నా పక్క సీటతనిది. అతను దానికి ట్యాగు కట్టి, ఏకశిల ముందు పెట్టాడు. పేజీలు గిరగిరా తిరిగాయి. అతను పిడికిలి బిగించి నాకు ముష్టి చూపించాడు. సాయంత్రం తపాలాలో ఆ ఫైలు నెల్లూరు జిల్లా ఆఫీసుకు పోయింది.

నా కాగితం కనపడక రెండు రోజులు వెతికాను. బఠానీలు పొట్లం కట్టించుకున్నావేమో అన్నాడు అతను. మళ్ళీ రాసుకున్నాను. అదే తప్పుతో.

మూడు వారాల తరవాత ఫైలు తిరిగొచ్చింది.

జిల్లా ఆఫీసుకు అప్పుడే కొత్తగా ఒక మేడం వచ్చి ఉంది. చిన్న వయసు, నేరుగా పెద్ద పరీక్ష రాసి వచ్చినామె. ఫైల్లో ప్రతి అక్షరం చదువుతుందని పేరు. మేము అది పుకారనుకున్నాం. నా కాగితం పక్కన ఆకుపచ్చ సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాసి ఉంది.

"పైకప్పు రిపేరుకు నిధులున్నాయి. కలశాలకు లేవు. ప్రదక్షిణ మార్గం ప్రతిపాదన తిరస్కరించడమైనది. గర్భగుడి మీద ఉండేది విమానం, గోపురం వాకిలి మీద ఉంటుంది. సరిచేయవలెను. ఈ పేజీ మీద సూపరింటెండెంటు సంతకం ఎలా ఉన్నదో ఏడు రోజుల్లో వివరణ ఇవ్వవలెను."

దాంతోపాటు విడిగా ఒక మెమో, ఆయన పేరు మీద.

చదివి నేను, అతను మొదట నవ్వాం. నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాం. ఆ నవ్వు పది నిమిషాలు కూడా నిలవలేదు. త్రిభంగి వచ్చి, ఆ ఒక్కసారి మాత్రం నిటారుగా నిలబడి చెప్పాడు. "అమ్మా, సారు అన్నం క్యారేజీ తెరవలేదు. ఎనిమిది నెలల్లో రిటైరు కదా. ఇప్పుడు చార్జి గిర్జి అన్నారంటే పెన్షన్ కాయితాలు యాడ కదల్తాయి?"

మా ఇద్దరికీ అది తట్టనే లేదు. పరీక్షకు వెయ్యి పేజీలు చదివినవాళ్ళం, ఎదురు కుర్చీలో మనిషి ఎన్ని నెలల్లో దిగిపోతున్నాడో చూసుకోలేదు.

సాయంత్రం ఆయన మా ఇద్దరినీ పిలిచాడు. అరుస్తాడనుకున్నాం. ఆయన ఆ కాగితం బల్ల మీద పెట్టి, "ఇది ఎవరి రాతో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా గుమాస్తాల రాతలు చూస్తా ఉండా" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నా తల ఊపడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ఆయన కాసేపు చూసి, "సరే పొండి. రాత ఎవరిదైనా సంతకం నాది. జవాబు నేనే చెప్పుకుంటా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిట్టి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేదాన్ని.

మర్నాడు పొద్దున ఆయన రాకముందే పోయి ఆయన బల్ల ముందు నిలబడ్డాను. ఆయన వచ్చి కూర్చోగానే, "సార్, అది నేను రాసిన కాయితం. ఫైల్లో తోసింది కూడా నేనే" అన్నాను. వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది. "లేదు సార్, ఫైలు నాది. చూడకుండా ట్యాగు కట్టింది నేను."

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "నిన్న అడిగితే ఒక్కరూ లేరు. ఈ రోజు ఒక కాయితానికి ఇద్దరు ముద్దాయిలా? ఏందమ్మా, ఇంతకీ ఆమె రాసింది నిజమేనా? గోపురం వాకిలి మీద ఉంటాదా?"

"తెలీదు సార్. గైడులో నేను తప్పు చదివినానో, వాళ్ళే తప్పు రాసినారో."

"నలభై ఏళ్ళుగా రోజూ గుడికి పోతా ఉండా" అన్నాడు ఆయన మెల్లగా. "వంగి లోపలికి పోతా, దణ్ణం పెడతా, వస్తా. పైకి చూసింది లేదు."

రెండో రోజు ఆయనా నేనూ నెల్లూరు బస్సెక్కాం. దారిలో ఆయన ఒకే మాట అన్నాడు. "నువ్వు మాట్లాడబాక. అడిగితేనే చెప్పు." జిల్లా ఆఫీసులో మేడం మమ్మల్ని చాలాసేపు నిలబెట్టి, చేతిలో పని ముగించి తల ఎత్తింది. ఆయన కూతురి వయసుంటుంది. ఆయన రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు రాశారు?"

"నేనే మేడం. పరీక్షకు చదువుకుంటూ రాసుకున్నాను. పొరపాటున ఫైల్లో పోయింది."

"గోపురం ఎప్పుడైనా చూశావా?"

"బస్సులో నుంచి చూశాను మేడం. మేం బాప్టిస్టులం."

"మీరు?" అని ఆయన వైపు తిరిగింది.

"రోజూ గుడికి పోతా మేడం."

"మరి తప్పు ఎందుకు పట్టుకోలేదు?"

ఆయన ఏదైనా సాకు చెబుతాడనుకున్నాను. కళ్ళజోడు అంటాడని, పని ఒత్తిడి అంటాడని. ఆయన మాత్రం, "చదవలేదు మేడం. సంతకం పెట్టినాను, చదవలేదు" అన్నాడు.

మేడం కుర్చీలో వెనక్కి వాలింది. పెదవుల దగ్గర నవ్వు వచ్చి ఆగిపోయింది. "ఈ ఫైల్లో గోపురం పేజీ ఒక్కటే కాదు, మిగతాది కూడా ఎవరూ చదివినట్టు లేదు" అంది. "ఒక పని చేయండి. ఆదివారం మీరిద్దరూ ఉదయగిరి పోండి. అక్కడ మన ఆఫీసు పైకప్పు కళ్ళతో చూడండి. అక్కడే పాత గుడి ఉందట, గోపురం ఎక్కడుంటుందో అది కూడా చూడండి. రెండింటి మీదా నాకు రిపోర్టు కావాలి. చూసింది మాత్రమే రాయాలి. ఆ రిపోర్టు చదివాక మెమో సంగతి ఆలోచిస్తాను."

ఆదివారం అంటే నాకు ఆరాధన రోజు. ఆ వారం ఊరికి రానని నాయనకు కబురు పంపితే ఆయనే శుక్రవారం ఆత్మకూరు వచ్చేశాడు. ఆర్డరు కాగితం చూపించాను. నాయన దాన్ని రెండుసార్లు చదివాడు. "గవర్నమెంటు బాప్టిస్టు పిల్లను ఆదివారం పూట గుడికి డ్యూటీ వేసిందా?" అన్నాడు. "పై నుంచి ఆర్డర్ నాయనా" అన్నాను. "ఎంత పై నుంచి?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపల తానే నవ్వేశాడు. "పో. బైబిల్లో చెప్పినట్టు కైసరుది కైసరుకు ఇచ్చిరా. ప్రార్థన మాత్రం బస్సులో చేసుకో."

చేసుకున్నాను. నా పక్కన సూపరింటెండెంటు గారు ఆయన స్తోత్రం ఆయన చదువుకుంటున్నాడు. ఇద్దరి ప్రార్థనా ఒకదాని గురించే అని నా అనుమానం.

మా పక్క సీటతను ఉదయగిరి బస్టాండులో ఎదురొచ్చాడు. ముందు ఆఫీసు దగ్గరికి పోయాం. సూపరింటెండెంటు గారు ఫైలు తెరిచి ఎస్టిమేటు చదవడం మొదలుపెట్టాడు, మొదటి లైను నుంచి. "పగిలిన పెంకులు తీసి కొత్త పెంకులు వేయుటకు" అని చదివి పైకి చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. మళ్ళీ పైకి చూశాడు.

"పెంకులేవిరా?"

"ఇది మిద్దె సార్. దీనికి ఎప్పుడూ పెంకులు లేవు."

"మరి నేను సంతకం పెట్టినానే!"

ఏదో పాత ఫైల్లో ఎస్టిమేటు చూసి కాపీ కొట్టి ఎవరో పంపారు. మా పక్క సీటతను అది తన ఊరి ఆఫీసని కూడా చూసుకోకుండా ట్యాగు కట్టాడు. అతని మొహం కూడా ఆ నిమిషంలో చూడాల్సిందే. నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాం. అరవైకి దగ్గరపడిన మనిషి, పంచె ఎగగట్టి, మాకంటే ముందు ఎక్కాడు. నీళ్ళు పోయే తూముకు కాకి గూడు అడ్డం పడి, వాన నీళ్ళు నిలిచి, కింద గోడ నానిపోతా ఉంది. అంతే జబ్బు. ఆయన గూడులో గుడ్లు లేవని చూసి, దాన్ని తానే తీసి పక్కన పెట్టాడు. "రిపేరు సగం అయిపోయింది" అన్నాడు.

తరవాత గుడికి పోయాం. కొండ కింద, ముళ్ళపొదల మధ్య ఉంది. వెనకాల కోట ఉన్న కొండ ఎండలో ఎర్రగా ఉంది. మా ముగ్గురిలో ఎవరికీ గోపురం ఎక్కడుంటుందో గట్టిగా తెలియదు కాబట్టి గర్భగుడి వెతుక్కుంటూ లోపలి ఆవరణలోకి నడిచాం. గర్భగుడి బయట నిలబడి, దాని పైకి చూసి, ఇదే గోపురం అయి ఉండాలని నేను, కాకూడదని సూపరింటెండెంటు గారు వాదించుకుంటున్నాం. మళ్ళీ వాకిట్లోకి వచ్చేసరికి అక్కడ నీడలో ఒక ముసలామె మేకల్ని పెట్టుకుని కూర్చుని ఉంది. మా పక్క సీటతని అవ్వ ఆమె.

"ఏం వెతకతా ఉండారు నాయనా?" అంది.

"గోపురం ఎక్కడుండాదో చూస్తా ఉండాం అవ్వా" అన్నాడు సూపరింటెండెంటు గారు.

అవ్వ ఆయన్ని కింద నుంచి పై దాకా చూసింది. "దాని కింద నిలబడుకుని దాన్నే వెతకతా ఉండావే!"

ముగ్గురం ఒక్కసారి తలలెత్తాం. మా నెత్తి మీద, వాకిలి మీద, కింద రాయి, పైన ఇటుక, సందుల్లో మొలిచిన మొక్కలతో అంత ఎత్తున నిలబడి ఉంది గోపురం. లోపలికి పోయేటప్పుడు దాని కింద నుంచే పోయాం. ఆకుపచ్చ సిరా నిజమే చెప్పింది. సూపరింటెండెంటు గారు నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాడు. మెడ నొప్పి పుట్టేదాకా దించలేదు.

ఇక ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు. ఒక్కో స్తంభం దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు తనిఖీ చేసినట్టు చూశాడు. ఒకచోట సింహం ఒళ్ళు, ఏనుగు తొండం ఉన్న జంతువు చెక్కి ఉంది. "ఇదేందమ్మా?"

"యాళి సార్. పరీక్షలో వస్తాది."

"సింహం పోస్టులో ఉండి ఏనుగు చార్జి కూడా చూస్తా ఉండాదన్నమాట. నాలాగే పాపం."

ఈ కోటను గెలిచిన రాయలవారు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడని నేను గైడులో చదివింది చెప్పాను. అవ్వ అందుకుంది. "మా కిట్టయ్యను తీసకపొయినారు. ఇంతవరకు తిరిగీలేదు." సూపరింటెండెంటు గారు వెంటనే, "రసీదు ఏమన్నా రాసిచ్చినారా?" అన్నాడు. ఆయన హాస్యమాడటం మేము వినడం అదే మొదలు.

నేను గుడి లోపలి గడప దగ్గర చెప్పులు విప్పి ఎంతసేపు తటపటాయించానో నాకే తెలుసు. మొక్కను, కానీ చూస్తాను అని నాకు నేను చెప్పుకుని దాటాను. లోపల ఒక స్తంభం అడుగున, ఎవరి కంటా పడనంత కిందుగా, వీపు గోక్కుంటున్న చిన్న కోతి చెక్కి ఉంది. ఏ గైడులోనూ లేదు. ఏ పరీక్షలోనూ రాదు. దాని మొహంలో ఆ దురద తీరుతున్న సుఖం చూసి నాకు నవ్వాగలేదు. ఎవడో ఒక పనివాడు, మేస్త్రి అటు తిరిగినప్పుడు, ఇది చెక్కి ఉంటాడు. మేము బల్ల కింద పుస్తకం పెట్టుకుని చదివినట్టే. ఆ రాతి ముందు నేల మీద కూర్చుండిపోయాను. అంతకు ముందు రెండేళ్ళుగా నేను చదువుతున్నది మనుషులు చేసిన పని అని నాకు అప్పుడు తెలిసింది.

రిపోర్టు సూపరింటెండెంటు గారే రాశాడు. మమ్మల్ని చెయ్యి పెట్టనివ్వలేదు. "విషయం: ఉదయగిరి – మిద్దె మరియు గోపురం – ప్రత్యక్ష తనిఖీ – గురించి. సూచిక: తమరి మెమో." అట్లా మొదలై, తూములో కాకి గూడు, వాకిలి మీద గోపురం, యాళి అదనపు బాధ్యతలు, స్తంభం అడుగున కోతి, అన్నీ వరసగా. చివర, "గోపురం స్థానం విషయమై లోగడ పంపిన ప్రతిపాదన పొరపాటుగా భావించి రద్దు చేయవలసినదిగా మనవి."

పది రోజులకు జవాబు వచ్చింది. "రిపోర్టు రెండుసార్లు చదివాను. వివరణ సంతృప్తికరం. తదుపరి చర్య అవసరం లేదు." ఆయన ఆ కాగితం బల్ల మీద పెట్టి, క్యారేజీ తెరిచి, మధ్యాహ్నం కాకముందే అన్నం తిన్నాడు.

ఆ తరవాత మా ఆఫీసులో ఒక వింత జరిగింది. భోజనాల టైములో సూపరింటెండెంటు గారే మా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కొచ్చుకునేవాడు. "ఏందమ్మా, ఈ రోజు ఏ గుడి?" అనేవాడు. మేము చదివి చెప్పేవాళ్ళం, ఆయన అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసేవాడు. "ఏ ఊరు, ఎవురు కట్టించినారు, ఎందుకు కట్టించినారు" అని మూడింటికీ జవాబు వచ్చేదాకా వదిలేవాడు కాదు. నాట్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అది తనిఖీకి దొరకదమ్మా, ముందు రాళ్ళ సంగతి చూడండి" అని దాటేసేవాడు. ఫైళ్ళు కూడా చదవడం మొదలుపెట్టాడు. ఇక మా తిప్పలు చూడండి, అన్నేళ్ళుగా మధ్యలో మేము రాసిన చెత్తంతా ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. ఎనిమిది నెలలకు ఆయన గౌరవంగా రిటైరయ్యాడు.

నేను రాతపరీక్ష పాసై ఇంటర్వ్యూకు హైదరాబాదు పోయాను. మా పక్క సీటతనికి గ్రూప్ వన్ రాతలో పోయింది గాని, మరుసటేడు గ్రూప్ టూలో వచ్చి వేరే జిల్లాకు పోయాడు.

ఇంటర్వ్యూలో నెల్లూరు జిల్లా అనగానే బోర్డులో ఒకాయన, "ఉదయగిరి గుహలు ఎవరు తొలిపించారు?" అన్నాడు. ముందు ఏ ఫైలో తెలుసుకోవాలని మా సూపరింటెండెంటు గారి పాఠం. "ఉదయగిరులు మూడున్నాయి సార్. ఒడిశాలో, మధ్యప్రదేశ్‌లో ఉన్నవాటిలో గుహలున్నాయి. మాదాంట్లో కోట ఉంది. మీరు అడుగుతున్నది ఏది?" అన్నాను. ఆయన మొహం కొంచెం ముడుచుకుంది. పక్కాయన మాట మార్చి నాట్యంలోకి దింపాడు. "శిఖర హస్తం దేన్ని సూచిస్తుంది?" నా నాలుక చివరిదాకా 'టీ' వచ్చింది. మింగేసి, పుస్తకంలో ఉన్నది అప్పజెప్పాను. "కూచిపూడి ఎప్పుడైనా చూశారా?" అన్నాడు. లేదు అన్నాను. "చూడకుండానే ఇంత బాగా చెప్పారే" అన్నాడు. అది మెచ్చుకోలు కాదని బయటికి వచ్చి మెట్లు దిగేటప్పుడు అర్థమైంది.

రాలేదు. తరవాత ఇంకో రెండుసార్లు రాశాను, అవీ రాలేదు. ఆ శాఖలోనే పైకెక్కుతూ పోయి, సూపరింటెండెంటుగా దిగాను. కానీ ఆ మొదటి రిజల్టు వచ్చిన రోజు సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు.

పేపర్లో నా నంబరు లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా సూపరింటెండెంటు గారింటికి పోయాను. నేను చెప్పేలోపలే వాళ్ళావిడ, "తెలుసమ్మా, పొద్దున నుంచి పేపరు ముందేసుకుని ఏదో రాస్తానే ఉండాడు. కాఫీ కూడా తాగలా" అంది. ఆయన నన్ను కూర్చోమని కూడా అనకుండా నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టాడు. పైన చూస్తే, "విషయం: ఇంటర్వ్యూ – అర్హత గల అభ్యర్థినిని తప్పుగా తిరస్కరించుట – పునఃపరిశీలన – గురించి."

ఉదయగిరులు మూడని అభ్యర్థిని సరిగ్గానే చెప్పిందని, నాట్యం చూపించే ఏర్పాటు ఆత్మకూరులో లేకపోవడం అభ్యర్థిని తప్పు కాదని, ఈమె స్వయంగా మిద్దె ఎక్కి చూసిన మనిషని, అన్నీ రాశాడు. ప్రతి పేజీ చదివాను. నవ్వు రావాల్సిన చోట ఏడుపొచ్చింది.

"సార్, ఇది పంపినారంటే నన్ను ఇంక జన్మలో పిలవరు" అన్నాను కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"అట్టనా?"

"అట్టనే సార్."

ఆయన కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. నాలుగూ సమంగా సర్ది, మూలన గుండుసూది గుచ్చాడు. కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు.

"అయితే ఫైలు క్లోజ్ చేసేద్దామా?"

"వద్దు సార్" అన్నాను. "పెండింగ్‌లో పెట్టండి."